నాన్న వెనక్కి తీసుకున్న గోలు

మొన్న తిరువూరు వెళ్ళినప్పుడు హైస్కూలు గ్రౌండులో ఒక రిఫరీని తప్పు పట్టబోయి, తప్పు నాదేనని తెలుసుకొని వచ్చాను. ఆ రిఫరీ రెడ్డిగూడెం అమ్మాయి. పాతికేళ్ళు కూడా ఉండవు. జుట్టు బిగించి కట్టి, నల్ల చొక్కా వేసుకొని ఎండలో పిల్లలతో సమానంగా పరుగెత్తుతోంది. మా బాబాయిగారబ్బాయి మనవరాలు చిన్ని తిరువూరు జట్టులో ఆడుతుంటే చూడడానికి వెళ్ళాను. అవతలి వాళ్ళు గంపలగూడెం పిల్లలు. అందరూ ఆడపిల్లలే, హైస్కూలు వయసు వాళ్ళు. ఒకసారి బంతి గోలు పక్కనుంచి బయటికి పోతే, గోల్‌కీపరు పిల్ల దాన్ని తెచ్చి గోల్ కిక్కుకు పెట్టి, పక్కనే నిలబడ్డ పిల్లకు మెల్లగా అందించింది. గోలు ముందు సున్నంతో గీసిన పెద్ద పెట్టె ఉంటుంది కదా, బంతి ఆ గీత దాటనేలేదు. ఆట అలాగే సాగిపోయింది. నాకు కుర్చీలో ముళ్ళున్నట్టయింది. గోల్ కిక్ ఆ పెట్టె దాటి బయటపడితే తప్ప ఆట మళ్ళీ మొదలైనట్టు కాదు. దాటకపోతే మళ్ళీ తన్నించాలి. ఇది నాకు తొమ్మిదో తరగతి నుంచి తెలుసు.

విరామంలో ఆ అమ్మాయి మంచినీళ్ళు తాగుతుంటే దగ్గరికి వెళ్ళి మర్యాదగానే చెప్పాను. ఆమె సీసా దించి, మూతి తుడుచుకొని, "అది ఇదివరకండి. మార్చి కొన్నేళ్ళయింది. ఇప్పుడు లోపలే తాకొచ్చు," అంది. నేను ఇంకేదో అనబోతుంటే, మధ్యలోంచి ఆట మొదలుపెట్టేటప్పుడు కూడా బంతిని ముందుకే తన్నాలని ఇప్పుడు లేదనీ, వెనక్కైనా తన్నవచ్చనీ తనే కలిపింది. తర్వాత నావైపు కొంచెం ఆసక్తిగా చూసి, "మీరు ఆడేవాళ్ళా మామ్మగారూ?" అని అడిగింది. "లేదమ్మా, చదివేదాన్ని," అన్నాను. ఆ జవాబు ఆమెకు అర్థమై ఉండదు. తలూపి వెళ్ళిపోయింది.

నేను కాలేజీ గుమ్మం తొక్కలేదు. పదో తరగతి తర్వాత పెళ్ళి, ఆ తర్వాత సంసారం. నాకున్న చదువంతా తిరువూరు గ్రంథాలయంలో, ఒక కాలి కింద ఇటుకముక్క పెట్టిన బెంచీ మీద సంపాదించుకున్నదే. ఆ మాట చెప్పుకోవడం నాకు ఇప్పటికీ గర్వమే. నక్షత్రాల గురించి, తేనెటీగల గురించి, కోర్టుల్లో సాక్ష్యాల గురించి, పాత వారపత్రికల బైండ్లు, దేనికీ వరస లేదు, బీరువాలో ఏది చేతికి తగిలితే అది చదివాను. చీకటి పడే వేళకు లైబ్రేరియను గారు కిటికీలు ఒక్కొక్కటే వేసుకుంటూ వచ్చి, ఆఖరున నా పక్కనున్న కిటికీ వేసేవారు. ఇక లేవమని ఆయన చెప్పే పద్ధతి అది. అక్కడ చదివింది ఒకసారి బుర్రలోకి వెళ్తే ఇక రాతి మీద గీతే అనుకునేదాన్ని. ఆటల నియమాలు కూడా, మనం చూడకుండా, మనల్ని అడగకుండా మారిపోతాయని ఏనాడూ తోచలేదు. ఆ అమ్మాయి మాటతో నా బెంచీ కింద ఇటుక లాగేసినట్టయింది. ఇంకొక్క నియమం కూడా మారిందేమో అడగాలని నాలిక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. దాని సంగతి చెప్పాలంటే ముందు మా నాన్న సంగతి చెప్పాలి.

నాన్న అదే బళ్ళో డ్రిల్లు మాస్టారు. తెల్లవారగానే పెరట్లో బావి గట్టు మీద కాన్వాసు బూట్లు పెట్టుకొని, తడి సుద్ద పూసి, ఎండ పడే చోటికి జరిపేవారు. ఆ తడి సుద్ద వాసనా, వంటింట్లోంచి డికాషను వాసనా కలిసి వచ్చేవి. ఇప్పటికీ కొత్తగా సున్నం వేసిన గోడ పక్కనుంచి పోతుంటే నాకు కాఫీ తాగాలనిపిస్తుంది. బొగ్గుల ఇస్త్రీపెట్టెతో తెల్ల ప్యాంటు తనే ఇస్త్రీ చేసుకునేవారు, ఆ పని ఇంకొకరి చేతికి ఇచ్చేవారు కాదు. విజిల్ మాత్రం అమ్మ వంతు. అది ఇత్తడిది. దేవుడి సామానుతో పాటు దాన్నీ చింతపండుతో తోమి, కొత్త దారం కట్టి, మేకుకు తగిలించేది. తోమిన రోజున విజిల్ పుల్లగా ఉందని నాన్న మొహం చిట్లించేవారు. "దేవుడెప్పుడూ పళ్ళెం పుల్లగుందనలేదండీ, మీకే వచ్చింది," అనేది అమ్మ.

బళ్ళో లెక్కల మాస్టారూ, తెలుగు మాస్టారూ, ఇంగ్లీషు మాస్టారూ మాస్టార్ల కిందికి వచ్చేవారు. నాన్న డ్రిల్లు మాస్టారు, అంతే. ఎవరైనా సెలవు పెడితే ఆ క్లాసు పిల్లలు గొడవ చెయ్యకుండా కూర్చోబెట్టడానికి ఆయన్ని పంపేవారు. ఆయన ఏదైనా చెబుతారని పిల్లలు అనుకునేవారు కాదు, ఆయనా ప్రయత్నించేవారు కాదు, కిటికీలోంచి గ్రౌండు చూస్తూ నిలబడేవారు. మాస్టార్ల గదిలో పరీక్షల గురించి, పిల్లల గురించి మాటలు నడుస్తుంటే ఆయన్ని అభిప్రాయం అడిగినవాళ్ళు లేరు. ఇవేవీ ఇంటికొచ్చి చెప్పేవారు కాదు. నేనూ అదే బళ్ళో చదివాను గనక నాకు తెలుసు.

నేను తొమ్మిదిలో ఉండగా చుట్టుపక్కల హైస్కూళ్ళ ఆటల పోటీలు మా గ్రౌండులో పెట్టారు. ఎప్పుడూ ఉండే కబడ్డీ, వాలీబాలుతో పాటు ఈసారి ఫుట్‌బాల్ కూడా ఉంది. అది సవ్యంగా జరిపిస్తే విజయవాడలో జరిగే పెద్ద పోటీలకు రిఫరీగా నాన్న పేరు పంపుతానని హెడ్మాస్టరు గారు అన్నారట. నాన్న ఆ మాట అమ్మకు చెప్పిన తీరు నాకు బాగా గుర్తుంది. అన్నం కలుపుతూ, తలెత్తకుండా, "రిఫరీలకి జేబు మీద బ్యాడ్జీ ఇస్తారు," అన్నారు. అమ్మ ఇంకో గరిటె పప్పు వేసింది. నాన్న ఒకటి కావాలని బయటపడడం మా ఇంట్లో అదే మొదలు.

చిక్కేమిటంటే నాన్నకు ఫుట్‌బాల్ తెలియదు. ఆయన బాల్ బ్యాడ్మింటన్ మనిషి. పసుపుపచ్చ ఉన్ని బంతితో ఆడే ఆ ఆటలో ఏదైనా తేలకపోతే 'లెట్' అంటారు. ఆ పాయింటు లెక్కలోకి రాదు, మళ్ళీ వేసుకోవడమే. నాన్నకు లెట్ అంటే ప్రాణం. ఎవరికీ అన్యాయం జరగదు, ఎవరూ అలగరు. ఫుట్‌బాల్ ప్రాక్టీసులో కూడా బంతి ఎవరి కాలికి తగిలి బయటికి పోయిందో తెలియకపోతే లెట్ అని కేకేసి, బంతిని చంకలో పెట్టుకెళ్ళి గ్రౌండు నడిమధ్యన పెట్టేవారు. అంత దూరం బంతిని తెచ్చుకున్న పిల్లలు నెత్తిన చేతులు పెట్టుకునేవారు. దీనికి తోడు మా వైపు ఒక మర్యాద ఉండేది. పోటీ ఏ ఊళ్ళో జరిగితే ఆ ఊరి మాస్టారే రిఫరీ. అందుకని అనుమానం వచ్చినచోటల్లా బయటి ఊరి జట్టుకే ఇచ్చేవారు. భోజనాల దగ్గర ముందు వాళ్ళకు వడ్డించినట్టే ఇదీను. అలా ఇవ్వకపోతే ఊరికి మాటొచ్చేది.

గ్రంథాలయంలో ఆటల బీరువా అడుగున ఫుట్‌బాల్ నియమాల పుస్తకం నాకు దొరికింది. పలచటిది, ఇంగ్లీషుది, నాకంటే ముందు ఎవరూ తెరిచిన గుర్తు లేదు. నిఘంటువు పక్కన పెట్టుకొని కూర్చున్నాను. గోలు కొట్టడం గురించి అందులో పెద్దగా లేదు. ఆట ఆగాక మళ్ళీ ఎలా మొదలుపెట్టాలన్నదే ఎక్కువ. బంతి పక్క గీత దాటితే ఏం చెయ్యాలి, గోలు గీత దాటితే ఏం చెయ్యాలి, ఎవరి కాలికి ఆఖరున తగిలితే ఎవరికివ్వాలి, ఎక్కడ పెట్టాలి, ఎవరెంత దూరం నిలబడాలి. అది నాకు ఎంతో నచ్చింది. ఇంట్లో గాని, బళ్ళో గాని ఒక గొడవ వచ్చి మాటలు ఆగిపోతే మళ్ళీ ఎలా మొదలుపెట్టాలో ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు. ఇక్కడ రాసిపెట్టి ఉంది.

దీపాలు పెట్టే వేళకు ముందు గదిలో గచ్చు మీద సుద్దతో గ్రౌండు గీసుకొని నాన్నా నేనూ కూర్చునేవాళ్ళం. చింతగింజలు ఆటగాళ్ళు. అలాగే ఉన్నవి ఒక జట్టు, అష్టాచెమ్మా పాచికలకోసం గచ్చుకేసి అరగదీసి ఒకవైపు తెల్లబడ్డవి ఇంకో జట్టు. బంతికి శనగగింజ. నాన్న అంత చురుకైన విద్యార్థి కాదు. పక్క గీత దగ్గర్నుంచి చేతులతో త్రో వేసిన బంతి తిన్నగా గోల్లో పడితే ఏమివ్వాలని అడిగితే ప్రతిసారీ గోలే అనేవారు. కాదు, మధ్యలో ఎవరికో ఒకరికి తగలాలి, తగలకపోతే అవతలి వాళ్ళకి గోల్ కిక్ అని నేను చెప్పేదాన్ని.

"బంతి లోపలికెళ్ళింది గదమ్మా."

"వెళ్ళినా కాదు నాన్నా."

"మరి లోపలికెందుకెళ్ళినట్టు?" అని శనగగింజను వేలితో వెనక్కి దొర్లించేవారు.

ఒక్క నియమం మాత్రం ఆయన రెండుసార్లు చదివించుకున్నారు. రిఫరీ తను ఇచ్చింది తప్పని తెలుసుకుంటే దాన్ని మార్చుకోవచ్చు, కాకపోతే ఆట మళ్ళీ మొదలవకముందే మార్చాలి. మొదలైతే ఇక మార్చడానికి లేదు. "అంటే ఇదీ లెట్టే," అని సంతోషించారు. ఆ సంతోషంలోనే అనుకుంటాను, పోటీ ముందు రోజు నాకో పని అప్పగించారు. గ్రౌండులో నువ్వు నోరెత్తకు, నేనేదైనా తప్పు ఇస్తే ఉన్నచోటే లేచి నిలబడు, నేను చూసుకుంటాను అన్నారు. డ్రిల్లు మాస్టారికి గురువునైనంత పొంగిపోయాను.

ఆఖరి ఆట మాకూ వినగడపకూ పడింది. ఆడపిల్లలం మంచినీళ్ళ కాగుల పక్కన చాపల మీద కూర్చున్నాం. కుర్చీల్లో హెడ్మాస్టరు గారు, మాస్టార్లు, బడి కమిటీ ప్రెసిడెంటు గారు. పక్క గీతల దగ్గర జెండాలు పట్టుకొని రిఫరీకి సాయంగా ఇద్దరుండాలని పుస్తకంలో ఉంది. మాకు అలాంటివాళ్ళు లేరు. సున్నం గీత, నాన్న, అంతే. మొదట్లో ఒకసారి గోల్ కిక్ ఇవ్వాల్సిన చోట మూలనుంచి తన్నే కార్నర్ చూపించారు. నేను లేచాను. ఆయన ముక్కు రుద్దుకొని చెయ్యి ఇటు తిప్పి చూపారు. ఎవరూ గమనించలేదు. పరికిణీ సర్దుకున్నట్టు సర్దుకొని కూర్చున్నాను. అంత గొప్పగా నా జన్మలో ఎప్పుడూ కూర్చోలేదు.

ఆట అయిపోవస్తోంది, మావాళ్ళు ఒక గోలు ముందున్నారు. వినగడప కుర్రాడొకడు పక్క గీత దగ్గర బంతిని రెండు చేతులా నెత్తి మీదికెత్తి విసిరాడు. అది అందరి తలల మీంచి పోయి, ఎవరికీ తగలకుండా, మా గోలు మూలన పడింది. వినగడప పిల్లలు ఒకళ్ళ మీద ఒకళ్ళు దూకారు. నాన్న ఒక్క క్షణం తటపటాయించారు. వచ్చినవాళ్ళు బయటి ఊరివాళ్ళు. విజిల్ వేసి గ్రౌండు మధ్యకు చెయ్యి చూపారు. గోలు.

నేను లేచి నిలబడ్డాను. నాన్న చూశారు. చూసి మొహం తిప్పుకున్నారు. బంతిని మధ్యలో పెట్టారు, పిల్లలు ఎవరి చోట్లకు వాళ్ళు వెళ్ళారు. నాన్న విజిల్ నోట పెట్టుకున్నారు. ఊదితే ఆట మొదలవుతుంది, ఇక ఎవరూ ఏమీ చెయ్యలేరు. పక్కపిల్ల కూర్చోమని నా పరికిణీ పట్టుకు లాగుతోంది. నాన్న కళ్ళు మళ్ళీ నా దగ్గరికి వచ్చాయి. అప్పుడు ఆయన విజిల్ నోట్లోంచి తీసి, బంతిని చంకలో పెట్టుకొని, అందరూ చూస్తుండగా మా గోలు దాకా నడిచారు. బంతిని అక్కడ దించి, "త్రో ఎవరికీ తగల్లేదు. గోలు కాదు. గోల్ కిక్," అన్నారు.

మావాళ్ళు ఎగిరి గంతేశారు. వినగడప మాస్టారు, నాన్నకంటే పెద్దాయన, పంచె కుచ్చిళ్ళు పట్టుకొని లోపలికి వచ్చారు. ఆయన అరవలేదు. "ఇచ్చి వెనక్కి తీసుకున్నారు మాస్టారూ. ఇవ్వకపోయినా ఇంత బాధ లేదు," అన్నారు. నాన్న చేతులు కట్టుకొని విన్నారు. నియమం ఉందని చెప్పలేదు. చెప్పినా అక్కడ ఎవరికీ అందేది కాదు. అప్పటికి కుర్చీల్లో ఎవరో నావైపు చూడడం, ఇంకొకరికి చూపించడం జరిగిపోయింది. ప్రెసిడెంటు గారు నవ్వుతూ, అందరికీ వినపడేట్టు, "విజిల్ మాస్టారిది, తీర్పు అమ్మాయిదా?" అన్నారు. కుర్చీలన్నీ నవ్వాయి. ఆట ముగిశాక వినగడప పిల్లలు పులిహోర ముట్టకుండా బస్సు దగ్గరికి వెళ్ళిపోయారు. వంటవాళ్ళు గంపలు మళ్ళీ బళ్ళోకి మోసుకుపోవడం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

కొన్నాళ్ళకు హెడ్మాస్టరు గారు మా ఇంటికి వచ్చి, అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, మీరు చేసింది పుస్తకం ప్రకారం సరైనదేనని, అయినా పక్క ఊళ్ళవాళ్ళు కినుకగా ఉన్నారని, ఈ ఏటికి ఇంకొకరి పేరు పంపుతున్నానని చెప్పి వెళ్ళారు. ఆ తర్వాతి ఏడు ఆ ఊసే రాలేదు. మాస్టార్ల గదిలో గంట కొట్టే వేళయిందా అని నాన్న అడిగినా, "అమ్మాయినడిగి చెబుతాం మాస్టారూ," అనేవారట. అది బజారుకు కూడా పాకింది. వంకాయలు బేరమాడుతుంటే కొట్టువాడు, "పాపనడిగి రండి," అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. నాన్న నవ్వారు. ఆ నవ్వు ఇంటికొచ్చేదాకా మొహం మీద అలాగే ఉండిపోయింది, తీసెయ్యడం మర్చిపోయినట్టు.

నన్ను ఒక్క మాట అనలేదు. ఆట మర్నాడు సాయంత్రం నేను అలవాటుగా గచ్చు మీద గ్రౌండు గీసి కూర్చున్నాను. ఆయన వచ్చి కాసేపు నిలబడి, వంగి, చింతగింజలన్నీ దోసిట్లోకి ఏరుకొని వంటింట్లోకి తీసుకెళ్ళి అమ్మకిచ్చారు. వేయించమన్నారు. చింతగింజలు వేగే వాసన కొంచెం మాడినట్టు, కొంచెం తియ్యగా ఇల్లంతా కమ్ముకుంది. బుగ్గన పెట్టుకొని నానబెట్టి నమలాలి, లేకపోతే పళ్ళు విరుగుతాయి. ముగ్గురం నముల్తూ కూర్చున్నాం, మాట్లాడడానికి నోరు ఖాళీ లేనట్టు. శనగగింజ ఒక్కటీ గచ్చు మీద గ్రౌండు మధ్యలో ఉండిపోయింది. పొద్దున అమ్మ ఊడ్చేసింది.

నేను లేవకపోతే ఆట సమానంగా ముగిసేది. వినగడప పిల్లలు పులిహోర తినేవారు. నాన్న జేబు మీద బ్యాడ్జీ వచ్చేది. ఒక తప్పు గోలు వల్ల ఇంతమంది సంతోషంగా ఉండేవారు. కానీ లేవమన్నది ఆయనే, చెప్పిన పని నేను చేశాను, చెయ్యాల్సింది ఆయన చేశారు. ఇద్దరిలో ఎవరూ తప్పు చెయ్యలేదు. ఇన్నేళ్ళుగా నన్ను కుదురుగా ఉండనివ్వనిది అదే. తప్పు చేసి ఉంటే క్షమించమని అడగడానికి ఒక దారి ఉండేది. ఎన్ని పుస్తకాలు తిరగేసినా, సరైన పని చేసి ఒక మనిషిని చిన్నబుచ్చితే మళ్ళీ ఎక్కడినుంచి మొదలుపెట్టాలో నాకు దొరకలేదు. అమ్మ మాత్రం ఆయన ఉద్యోగం వదిలేదాకా విజిల్ తోముతూనే ఉంది. ఆయన దాన్ని డ్రిల్లుకూ కబడ్డీకీ వాడారు. ఫుట్‌బాల్ వచ్చినప్పుడల్లా ఏదో ఒక పని చెప్పి తప్పుకునేవారు.

అమ్మ పోయాక నాన్న విజయవాడలో నా దగ్గరే ఉన్నారు. ఒక ఉదయం టీవీలో విదేశీ ఆట ఏదో చూపిస్తున్నారు. గోలు అయింది, జనం ఊగిపోతున్నారు, అంతలో రిఫరీ గీత పక్కకు పరుగెత్తి, అక్కడ పెట్టిన తెరలో చూసి, తిరిగొచ్చి ఆ గోలును రద్దు చేశాడు. జనం కాసేపు అరిచారు, ఆట సాగింది. నాన్న కదలకుండా, ఆట మళ్ళీ మొదలయ్యేదాకా చూశారు.

"ఆయన్నెవరూ ఏమీ అనలేదు చూశావా," అన్నారు.

"లేదు నాన్నా."

ఇంకేమైనా అంటారేమోనని పేపరు పట్టుకొని అక్కడే కూర్చున్నాను. కాఫీ అడిగారు. ఆ గ్రౌండు గురించి మా మధ్య వచ్చిన మాట అదొక్కటే. ఆయన పోయి ఇప్పటికి కొన్నేళ్ళయింది.

మొన్న ఆట రెండో సగంలో బంతి మా గోలు గీత దాటింది. రెడ్డిగూడెం అమ్మాయి గంపలగూడెం పిల్లలకు కార్నర్ ఇచ్చింది. వాళ్ళ పిల్ల బంతిని మూలన పెట్టుకుంది కూడా. గీత దగ్గర జెండా పట్టుకున్న అమ్మాయి చెయ్యెత్తి ఏదో చెప్పింది. రిఫరీ తలూపి, చెయ్యి ఇటు తిప్పింది. గోల్ కిక్. ఆట మొదలవకముందు మార్చుకోవచ్చన్న ఆ నియమం మారలేదన్నమాట. గంపలగూడెం పిల్లలు మొహమైనా ముడవకుండా వెనక్కి పరుగెత్తారు. వాళ్ళ సారు ఫోన్లోంచి తలెత్తి, "రండ్రా, వెనక్కి రండి," అని మళ్ళీ ఫోన్లోకి వెళ్ళిపోయాడు. కుర్చీల్లో ఎవరూ నవ్వలేదు. అసలు ఎవరూ చూడలేదు. నాకు సంతోషం కలగాలి. కలగలేదు. ఇంత చిన్న పనా ఇది? గీత పక్కన నిలబడి తప్పును తప్పని చెప్పడానికి ఇప్పుడు ఒక మనిషిని పెట్టి, చేతికి జెండా ఇస్తారా?

ఎప్పుడు లేచి నిలబడ్డానో నాకే తెలియదు. "కొంచెం కూర్చోండి మామ్మగారూ, మాకు కనపడట్లేదు," అని వెనకనుంచి ఎవరో అన్నారు. రిఫరీ అమ్మాయి విజిల్ చేత్తో పట్టుకొని ఆగి నావైపు చూసింది. నేను మళ్ళీ ఏదో తప్పు పట్టాననుకున్నట్టుంది. ఏమీ లేదని చెయ్యి ఊపాను. ఆమె ఇంకొక్క క్షణం చూసి, విజిల్ వేసింది. ఆట మొదలైంది.